బాన లోపల

మానేసి అరవైమూడు రోజులు.
వణుకు పోయింది, రాత్రి చెమటలు పోయాయి,
గోడ మీద పాకే చీమలూ పోయాయి
(అవి ఎప్పుడూ లేవనేది త్సియూరి).
మిగిలింది ఇదొక్కటే:
చొక్కాకి మూడో గుండీ పెట్టేసరికి
మంచం అంచున కూలబడడం.

నీరసం అనడానికి లేదు, తిండి బాగానే ఎక్కుతోంది.
రాత్రి లేచి తేనె సీసా సగం నాకేశాను, దొంగలా.
అలసట అందామా అంటే, ఏం పొడిచేశానని?
తెలావిలో డాక్టరమ్మ లామారా
నా కనురెప్ప కిందికి లాగి చూసి
"ముప్పై ఏళ్ళు అప్పు చేసిన ఓపికతో తిరిగావు, జుంబేర్.
ఇప్పుడు వడ్డీ కడుతున్నావు" అంది.
ఎన్నాళ్ళు అని అడిగాను.
"ఒళ్ళు నా దగ్గర పద్దు రాయించదు" అంది.

సెప్టెంబరులో మా కఖేతీలో
పిల్లి కూడా ఖాళీగా కూర్చోదు.
నా వంతు బానలు కడగడం.
నేలలో మెడ దాకా పాతేసిన మట్టి బానలు,
క్వెవ్రి అంటాం, మనిషిలోతు దాటి ఉంటాయి,
మూతి మాత్రం సరిగ్గా నా భుజాలంత.
ముందు కొవ్వొత్తి దించుతారు.
అది ఆరకపోతే, తర్వాత నన్ను.

నిరుడు రోజుకి నాలుగు కడిగాను, పాడుకుంటూ.
ఇవాళ మొదటి దానిలోనే
చెర్రీ బెరడు కుచ్చె పైకెత్తితే
చెయ్యి నాది కాదు,
ఎవరో కాసేపు మొయ్యమని ఇచ్చి
తిరిగి రాలేదు.

గోడల్లోంచి పాత ద్రాక్ష వాసన వచ్చి పలకరించింది.
ఏరా, బాగున్నావా, అని.
భయపడతాననుకున్నాను.
నిజం చెప్పనా,
ఆశపడడానికి కూడా ఓపిక కావాలి.

పోయిన ఆదివారం తోడల్లుడింట విందు.
ఇరవై ఏళ్ళు ఆ బల్ల దగ్గర కప్పు ఎత్తించేవాణ్ణి నేనే,
నా మాటకి చచ్చినవాళ్ళు కూడా లేచి కూర్చునేవారట.
ఈసారి చేతిలో బేరిపండ్ల రసం.
పోయినవాళ్ళ పేర్లు మొదలుపెట్టాను,
మూడో పేరు దగ్గర మాట కాళ్ళు చాపి కూర్చుంది.
మా అన్న పేరు నాలుగోది.
ఎవరో అన్నారు, జుంబేర్ ముసలాడైపోయాడని.
బాగుపడ్డాడని ఎవరూ అనలేదు.
అనాలని కాదు.

ఇంటికొచ్చి బట్టలతోనే పడిపోయాను.
త్సియూరి బూట్లు విప్పింది,
అది పెళ్ళయినప్పటి నుంచీ విప్పుతున్నదే.
కానీ విప్పేముందు ప్రతిసారీ
నా నోటి దగ్గరికి వంగి వాసన చూసేది.
ఆ రాత్రి చూడలేదు.
కళ్ళు మూసుకునే ఉన్నాను, నాకు తెలుసు.

బాన అడుగు గుడ్డు మొనలా ఉంటుంది,
నిలబడే చోటు కాదది.
వీపు ఆనించాను, ఒక్క క్షణమే అనుకుని.
మట్టి చల్లగా ఉంది.
పైన ఆకాశం రొట్టెముక్కంత.

"మామా! జుంబేర్ మామా!"
పైనుంచి తాడు గుంజుతున్నాడు గెలా,
గొంతులో ఏడుపు.
వాడి తాత ఇలాంటి బానలోనే పోయాడు,
కొవ్వొత్తి దించడం మరిచి.
"బతికే ఉన్నానురా" అన్నాను.
బానలో ఏ మాటైనా రెండింతలవుతుంది,
మొత్తం తోటకి వినపడి ఉంటుంది.
"మరేం చేస్తున్నావు?"
"నిద్రపోయాను."
కాసేపు పలకలేదు వాడు.
"తాగకుండానా?"

నవ్వొచ్చింది. నవ్వడానికి కూడా పక్కటెముకలు నొచ్చాయి.
నీళ్ళు దించమన్నాను.
సగం బకెట్టే నింపమన్నాను, నిండుది ఎత్తలేను.
కుచ్చె పట్టుకుని, కళ్ళెదురుగా ఉన్న
జానెడు గోడ రుద్దాను.
ఆగాను.
దాని పక్క జానెడు.

ఇంకా ఐదు బానలున్నాయి.
ద్రాక్ష కోతకి పన్నెండు రోజులు.
గెలా లెక్కపెడుతున్నాడు పైన,
నేను పెట్టడం లేదు.