ఒక్కో దీపానిది ఎంత మేర

ట్రోమ్‌సోలో నవంబరు నెలాఖరుకే
సూర్యుడు కొండ వెనక తలుపు గడియ పెట్టుకుంటాడు.
మధ్యాహ్నం పన్నెండింటికి కూడా
లైట్లు వేసుకునే కారు నడుపుతాను.
నా పేరు గున్‌వోర్. ఇరవై ఆరేళ్ళుగా
మనుషుల కండని ఉల్లిపొరకన్నా పల్చగా కోయడం నా పని.

ఇవాళ గాజుపలక మీద ఉన్నది
సూల్‌ఫ్రిడ్ తొడలోంచి తీసిన బియ్యపుగింజంత ముక్క.
ఆమె రేవు ఫ్యాక్టరీలో కాడ్ చేపల తలలు కోస్తుంది.
మెట్లెక్కితే ఈమధ్య పిక్కలు లాగుతున్నాయట. అంతే.

మామూలు కణం అంటే ఒక ఇల్లు, ఒక యజమాని.
కండరపు పోగు అలా కాదు.
మనిషి పుట్టకముందే వందల కణాలు
నడిమి గోడలు పడగొట్టుకుని
ఒకే పొడవాటి సావిడి అయిపోయాయి.
కేంద్రకాలు మాత్రం ఎవరికి వారే మిగిలి,
అంచుకు జరిగి, గోడవారగా
దూరం దూరంగా చాపలు పరుచుకున్నాయి.

గోడలే లేవు కదా,
ఒకరు వండింది అందరికీ అందుతుందనుకున్నాను చదువుకునే రోజుల్లో.
అందదు.
ఏ కేంద్రకం రాసిన చీటీ
చాలామటుకు దాని చుట్టుపక్కలే తిరుగుతుంది.
ఆ చీటీ చూసి వండిన ప్రోటీన్లలో
కొన్ని నీళ్ళలో ఉప్పులా దూరం పోతాయి,
కొన్ని పుట్టినచోటే పొరకు కరుచుకుని కదలవు.
డిస్ట్రోఫిన్ ఆ రెండో రకం:
కండ బిగిసి వదిలిన ప్రతిసారీ
పొర చిరక్కుండా ఆపే కుట్టు.

(నరం వచ్చి తాకే చోట మాత్రం
కేంద్రకాలు గుంపు కడతాయి,
పడవ వచ్చే వేళకు రేవులో జనంలా.
అది వేరే కథ. నాకిష్టమైన కథ.)

సూల్‌ఫ్రిడ్ దగ్గర ఆ జన్యువు రెండు ప్రతులు.
ఒకటి నికరమైనది, ఒకటి నడిమి పేజీలు చిరిగినది.
ఏ కేంద్రకం ఏది తెరవాలో
ఆమె తల్లి కడుపులోనే చీట్లు వేసినట్టు తేలిపోయింది.
కొడుక్కి చిరిగిందే వచ్చింది.
వాడికి రెండోది లేదు.

"నాకూ చూపించు" అంది.
చూపించకూడదు. చూపించాను.

తెర మీద పోగు పొడవునా ఆకుపచ్చ గీత.
కాసేపు నిండుగా, తర్వాత సన్నబడి,
తెగి, నలుపు.
ఎక్కడో మళ్ళీ అందుకుని, మళ్ళీ తెగి.

"ఈ మధ్యలో వాళ్ళు ఎలా నెట్టుకొస్తున్నారు?"
"పక్కవాళ్ళ వెలుతురు అంచు కాస్త పడుతుంది."
"మా దీవిలోనూ అంతే. కరెంటు పోయిన రాత్రి
జనరేటరున్న రెండిళ్ళవాళ్ళు కిటికీ తెరలు తీసి ఉంచుతారు."

ఆ మాటలో నేను ఓదార్పు వెతుక్కోబోయాను.
ఆమె వెతుక్కోలేదు.
బ్రాగెది కిందటి మార్చి పలక, మూడో అరలో ఉంది.
అడగలేదు. తీయలేదు.

అప్పుడే వాడు వరండా బెంచీ మీంచి లేచాడు.
లేవడమంటే, తన కాళ్ళ మీద తనే
చేతులతో పాక్కుంటూ
నిచ్చెన ఎక్కినట్టు నడుము దాకా ఎక్కడం.
ఎనిమిదేళ్ళు. పెదాల చుట్టూ చాక్లెట్.
తెర చూసి అన్నాడు:
"మన ఒడ్డేగా? రాత్రి విమానంలోంచి?"

"ఊఁ" అంది సూల్‌ఫ్రిడ్.
"మన ఇల్లేదీ?"

ఆమె వేలు
బాగా వెలిగే చోటికి పోలేదు.
ఆకుపచ్చ పల్చబడి నలుపులోకి జారే
ఆ చివర ఆగింది.
"అంత చివరా!" అని వాడు నవ్వాడు.

ఈ రంగుకి ఒక జబ్బుంది:
చూసినకొద్దీ మాసిపోతుంది.
ఫోటో తీసుకుని వెంటనే షట్టర్ వేసెయ్యాలి,
కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే చెబుతాను.

వాడు కిటికీలు లెక్కపెడుతున్నాడు.
పదకొండు, పన్నెండు.
నా వేలు మీట మీదే ఉంది.
పదమూడు.