ముప్పై ఏడో నిమిషం

ముప్పై ఏడో నిమిషంలో
రెండు విమానాలు ఢీకొనేటట్టు గీశాను.
పాపమేం లేదు, లోపల ఎవరూ లేరు.

నెల పట్టింది ఆ ఒక్క చిక్కుముడికి.
బాలటన్ సరస్సు మీద ఎంత గాలి,
ఏది ఎప్పుడు ఎత్తు దిగడం మొదలుపెట్టాలి.
మరీ సులువైతే కొత్త తెర గుణం తేలదు,
మరీ కష్టమైతే మనిషి గుణమే తేలుతుంది.

బుడాపెస్ట్ శివార్లలో కిటికీల్లేని గది.
గోడకవతల మా పైలట్లు:
ఇద్దరు విద్యార్థులు,
ట్రామ్ నడిపి రిటైరైన గెర్గేయ్,
రేడియో నాటకాల్లో గొంతు అరిగిన పిరోష్కా.
తలా పదకొండు విమానాల్ని నోట్లో పెట్టుకుని కూర్చున్నారు.
పిరోష్కా ఒక్కో విమానానికి ఒక్కో గొంతు ఇస్తుంది.
వద్దన్నాను, అన్నీ ఒకేలా పలకాలి ప్రయోగంలో.
"పైన కూడా అలాగే పలుకుతారా బాబూ?" అంది.
నా కాగితాల్లో వెతికాను. లేదు.

తెర ముందు బోగ్లార్కా,
ఇరవై రెండేళ్ళ డ్యూటీ, పక్కన చల్లారిన టీ.
నిన్నటి విమానాలకే పేర్లు మార్చి పంపాను,
పాత చీరకి కొత్త అంచు కుట్టినట్టు.
నాలుగో నిమిషంలోనే నవ్వింది:
"పేర్లు మర్చిపోతాను గానీ నడకలు మర్చిపోను."

మూడు నిమిషాలకోసారి దీపం వెలిగి అడుగుతుంది
ఎంత బరువుగా ఉంది, ఒకటి నుంచి ఐదు.
రెండు నొక్కింది. రెండు. మూడు.
ఇరవై ఏడు దాటాక అసలు నొక్కలేదు.
దీపం దానంతటదే వెలిగి ఆరిపోయింది, పిలిచి పిలిచి విసిగినట్టు.

ముప్పై ఒకటో నిమిషంలో
ఒకదాన్ని పది డిగ్రీలు ఎడమకి తిప్పింది.
అంతే.
ముప్పై ఏడులో నా చుక్కలు రెండూ
మాటల్లేని తోడికోడళ్ళలా
ఎడంగా, ఎవరి దారిన వాళ్ళు పోయారు.

నెల రోజుల ముడి.
పట్టికలో ఆ గడి దగ్గర పెన్ను ఆగిపోయింది.
జరగనిదానికి ఏ అంకె వెయ్యను?
ఎందుకు తిప్పావని అడిగితే
"అక్కడ కాస్త ఇరుగ్గా అనిపించింది" అని
టీ ఒలికిన చోట తుడుచుకుంది.

అరవై. ఆపెయ్యమన్నాను.
నలభై ఒక్క విమానాలు
ఎక్కడివక్కడ గాలిలో నిలబడిపోయాయి.
అందరూ కోట్లు వేసుకుంటున్నారు.
ఆమె మాత్రం హెడ్‌సెట్ తియ్యలేదు.
"ఇంకొకటి నా దగ్గరే ఉంది. వియన్నాకి అప్పగించలేదు."
"అది లేదు కదా బోగ్లార్కా."
ఏమీ అనలేదు. నా వైపు చూసిందంతే,
పసిబిడ్డని బల్లమీద వదిలి వెళ్దామన్నట్టు.

మళ్ళీ నడిపించాం, రెండు నిమిషాలు.
గెర్గేయ్ అప్పటికే బస్సెక్కేశాడు,
ఆ విమానాన్ని పిరోష్కా అందుకుంది,
నేను వద్దన్న ముసలి కెప్టెన్ గొంతుతో.
ఫ్రీక్వెన్సీ చెప్పింది ఈమె, తిరిగి చదివింది ఆమె,
చివర్లో విసొంత్‌హల్లాష్‌రా అనుకున్నారు.
ఎదురెదురుగా లేనివాళ్ళు మా భాషలో అలా అనుకుంటారు,
మళ్ళీ వినేదాకా అని.

ఆ రెండు నిమిషాలూ రికార్డు కాలేదు.
కొత్త ప్రణాళికలో మాత్రం
ప్రతి పరుగు చివరా రెండు నిమిషాలు కలిపాను.
కారణం రాయాల్సిన గడిలో
ఇంకా ఏమీ రాయలేదు.