ఉతకని గుడ్డ

వేరుశెనగ మీద ఏదో శిక్షణకని
నైజర్ దేశం నుంచి తిరుపతికి వచ్చినాడు అగాలి.
ఆరడుగుల పైన మనిషి.
తలమీద ఒక గుడ్డ, చేతిలో ఇంకొకటి,
మధ్యలో కళ్ళు తప్ప ఏమీ కనపడడు.
హాస్టలు పిల్లోడు మాట మార్చి చెప్పినాడు:
"చెంగల్రాయుడూ, ఇది ఉతకొద్దంట.
దులిపి, నీడన ఆరేసి, మడతపెట్టి ఇయ్యమంటాడు."

ఇస్త్రీ బండికి ముందు రేవు, రేవుకు ముందూ రేవే మాకు.
ఉతకని గుడ్డ తిరిగిచ్చిన పాపం మా ఇంట్లో లేదు.
ఒక్క కొస, చూద్దామని,
బకెట్లో ముంచినా.

చెంచాడు నీలిమందుతో
పది తెల్లపంచెలు మెరిపించేవాణ్ణి.
పది పంచెలకు చాలినంత నీలం
ఆ జానెడు కొసలోంచే దిగింది.

సాయంత్రం అగాలి వచ్చి బకెట్టు వంక చూసినాడు.
చాలాసేపు.
ఎంత ఇచ్చుకోవాల్సొస్తుందో
ఈశ్వరమ్మ అప్పుడే వేళ్ళ మీద లెక్కేస్తా ఉంది.
ఆయన చూపు నా చేతుల మీదికొచ్చింది,
మోచేతుల దాకా నీలం.
కళ్ళు చిన్నవైనాయి. నవ్వినాడేమో,
ముసుగులో నవ్వు ఎవరికి తెలుసు?
"సగం మావాడివైనావంట" అన్నాడు పిల్లోడు.

మిగతా సగానికి
స్వర్ణముఖి ఇసుకలో కూర్చోబెట్టినాడు నన్ను.
మొన్ననే కొండెక్కి మొక్కు తీర్చుకున్న గుండు,
రోహిణి ఎండకు పెనంలా కాలతా ఉంది.

మూడు బారల గుడ్డ.
ఒక కొస ఎడమ భుజం మీద వదిలి,
గడ్డం కింద వదులుగా ఒక మెలిక
(అది బిగించరాదంట, తరవాత పనుందంట),
చెవుల వెనక నుంచి నుదుటి మీదికి,
నుదురు నుంచి మళ్ళీ వెనక్కి,
ప్రతి చుట్టూ ముందటి చుట్టును అడ్డంగా తొక్కాల.
చేంతాడు చుట్టినట్టు కాదు,
పురిటిబిడ్డకు పొత్తిగుడ్డ చుట్టినట్టు,
గాలి దూరే సందు మరిచిపోకుండా.
ఆఖరున ఆ వదులు మెలికను
ముక్కు మీదికి లాగినాడు.
నా ఊపిరి నాకే తిరిగి తగిలింది,
వెచ్చగా, పొద్దుటి రాగిసంగటి వాసనతో.

పెద్దల ముందర, అందులోనూ అత్తమామల ముందర,
మగోడి నోరు కనపడరాదంట వాళ్ళల్లో.
ఆడోళ్ళ మొఖాలకు మాత్రం ఏ గుడ్డా అడ్డం లేదంట.
ఈశ్వరమ్మ ఇసుకలో కూలబడి నవ్వింది:
"ముప్పై ఏళ్ళ కిందట, మా నాయన ముందర,
ఈ గుడ్డ నీ నోటికి ఉండుంటేనా..."
నేను ముసుగు ఇంకొంచెం పైకి లాక్కున్నా.

ఇంత నీలం ఎట్ల ఎక్కిస్తారని అడిగినా.
నీళ్ళు కరువు గదా,
పొడి చల్లి, మొద్దు మీద పరచి,
చెక్క సుత్తులతో కొడతారంట
మెరుపొచ్చే దాకా.
మా రేవు బండ గుర్తొచ్చింది.
మేమూ కొట్టినాం తరతరాలు,
పోగొట్టడానికి.
వాళ్ళు కొట్టేది...
మాట అక్కడే ఆగింది నాకు.
"మా ఏరూ ఇంతే" అన్నాడంట అగాలి,
ఇసుక గుప్పిట పట్టి వదలతా.
"ఏడాదికి నాలుగు దినాలు నీళ్ళు, మిగతాదంతా దారి."

రాత్రి విప్పితే గుండంతా నీలం.
ఈశ్వరమ్మ కుంకుడు రసం పోసింది,
నిమ్మచెక్క రుద్దింది, కిరసనాయిలు కూడా.
పోలేదు.
"ఊళ్ళో మరకలన్నీ తీసినావు,
నీ నెత్తి మీది మరక తీసుకోలేవా?"

తీయగలను.
నాకు తెలిసిన మందులు ఇంకా రెండున్నాయి.
చెప్పలేదు.

అగాలి రేణిగుంటలో రైలెక్కిన మర్నాడు
పాత పంచె ఒకటి చుట్టి చూసుకున్నా.
అన్ని చుట్లూ వచ్చినాయి గానీ
ఆఖరి కొస ఆయన ఎక్కడ దోపినాడో
ఎంతకీ గుర్తు రాలేదు.
బీడీ పెట్టుకునే చోట, చెవి వెనక దోపినా.

నిలిచింది.