ఆరో పాట

ఇంగున్ తెచ్చిన టేపులో
మాటలకన్నా వాన ఎక్కువ.
లోఫోటెన్ రేవులో ఒక్కతే పాడుకుంటుంటే
మధ్యలో ఓడ కూత పెట్టింది,
శ్రుతికి వెంట్రుకవాసి కింద.

కోసేద్దామన్నాను.
టోర్గేర్ ఏమీ అనలేదు.
డబుల్ బేస్ మెడ నిమిరి
నాలుగు తీగలూ వదులు చేశాడు,
ఓడ దగ్గరికి దిగేదాకా.

డ్రమ్ము మీద తీగ కుంచెలు
రాత్రి బస్సు అద్దం తుడుస్తూనే ఉన్నాయి.
ఊళ్ల పేర్లు పల్లవికి అందక
దాటిపోయాయి.
ఆమె గొంతు వెనక్కి తిరగలేదు.

బెర్గెన్‌లో మా కిటికీ బయటా అదే వాన.
మైకు కట్టేయడం మర్చిపోయాను.

చివర్లో వినపడే కుర్చీ కిర్రు
నాదే.
ఎక్కడికో లేవబోయి
కూర్చుండిపోయిన చప్పుడు.