ఉప్పు వెళ్ళిపోయే దారి

నౌపడ మడులన్నీ తెల్లగా ఎండే కాలం.
అటుపక్క రేకుల షెడ్డులో
రాత్రంతా పంపు మూలుగుతూ ఉంటుంది.

స్పైరులినాను గడ్డకట్టించి, కరిగించి,
దాని కడుపులోని నీలాన్ని నీళ్ళలోకి దించాం.
ఐదువందల లీటర్లు. పల్చటి, మురికి నీలం.
వెలుగంటే భయం దానికి, నల్లగుడ్డ కప్పాం.
వేడన్నా భయమే. జ్వరం పిల్లని చూసినట్టు
గంటకోసారి ట్యాంకు ఒళ్ళు తాకి చూస్తాను.

గొట్టంలో సేమ్యా పోగుల్లాంటి
వేల బోలు దారాలు.
వాటి గోడల్లో కంటికానని కన్నాలు.
నీళ్ళు దూరతాయి, ఉప్పు దూరుతుంది.
నీలం లావు మనిషి,
గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.
తిరిగొచ్చిన ప్రతిసారీ కాస్త చిక్కబడి
మళ్ళీ అక్కడే ఆగుతుంది.

"ఒత్తిడి పెంచకు దమయంతీ,
తొందరపడితే పొర పూడిపోతుంది"
అని చెప్పి శశిభూషణ్ గారు పడుకున్నారు.

రెండున్నరకి మీటరు చచ్చింది.
ఉప్పెంత పోయిందో చెప్పే మీటరు.
మంచినీళ్ళు పోసి కడుగుతూనే ఉన్నాను,
ఎక్కడ ఆపాలి?

గేటు దగ్గర అయ్య.
ముప్పయ్యేళ్ళు మడిలో చెక్క పట్టి లాగాడు,
మొన్నటి నుంచి ఇక్కడ కాపలా.
పొర దాటొచ్చిన నీళ్ళు గ్లాసులో పట్టి ఇచ్చాను.
నాలిక్కి తగిలించి, కళ్ళు మూసుకుని,
"ఇంకా ఉందే గుంటా. కూరలో ఏసినంత."
ఇంకో వంద లీటర్లు పోశాను.
"గంజిలో ఏసినంత."
నాలుగోసారికి ఉమ్మేశాడు.
"సప్పన. ఏటీ నేదు."

ఆ గొంతు నాకు తెలుసు.
మడి తేరకముందే వాన పడ్డ రోజుల్లో
ఇంటికొచ్చి ఆ గొంతుతోనే అన్నం అడిగేవాడు.
నీళ్ళని ఎండకి ఒదిలి ఉప్పుని దాచినవాడు,
కూతురు ఉప్పుని కాలవలోకి ఒదిలి
రంగుని దాచుకుంటుంటే చూస్తున్నాడు.

"మడి ఎర్రబడితే ఉప్పు దిగుతాదని సంబరపడీవోలం.
ఆ రంగుని ఎవుడూ కొన్నేదు."

నలభై లీటర్లకి దిగిన నీలం మీద టార్చి వేశాను.
పక్కనుంచి చూస్తే
నీలంలో ఎరుపు వెలిగింది.
అయ్య వంగాడు. చానాసేపు వంగే ఉన్నాడు.
గుడ్డ మళ్ళీ ఆయనే కప్పాడు.

లాగ్‌బుక్కులో రీడింగుకి ఒకటే గడి,
అంకెలు పట్టేంత.
"సప్పన" అని రాశాను.
పక్క గడిలో, చూసినవారు: కూర్మయ్య.