వాన పడే రోజు

వాన పడే రోజునే రమ్మంది లొరెట్టా.
ఎండలో ప్రతి ఇల్లూ నిజమే చెబుతుందట,
సగం.

డోర్మాంట్‌లో గుట్ట మీది వీధి.
వందేళ్ళకి రెండు తక్కువ, ఎర్ర ఇటుకల ఇల్లు.
వంటింట్లో ఏజెంటు పెట్టించిన కుకీల వాసన.
నేను మావాడి డబ్బాలోంచి పచ్చ గోలీ తెచ్చుకున్నాను.
హాల్లో నేల మీద వదిలితే
కాసేపు ఆలోచించి
ఫైర్‌ప్లేస్ గోడవైపు నడిచింది, తెలిసిన దారే అన్నట్టు.
"ఈ వయసుకి ఆ మాత్రం వంగడం మర్యాదే" అంది లొరెట్టా.

ఇల్లు కట్టి చూడమన్నారు మనవాళ్ళు.
ఎవరో కట్టి, ఎవరో బతికి, ఎవరో వదిలేసినదాన్ని
కొని చూడమని ఎవరూ అనలేదు.
సామెత తోడు లేకుండానే
బేస్‌మెంట్ మెట్లు దిగాను.

కింద నానిన గోనెసంచి వాసన.
మూడు గోడలు చవుడు పట్టి
వేలితో రాస్తే తెల్లగా రాలుతున్నాయి.
నాలుగోదానికి మాత్రం కొత్త పెయింటు.
"ఒక్క గోడకే ముస్తాబెందుకో!"
లొరెట్టా టార్చిని గోడ చెంపకి ఆనించి వెలిగించింది.
ఏటవాలు వెలుగులో
పెయింటు కిందనుంచి మెట్లు మెట్లుగా బీట లేచింది.
దాని పక్కన, నొక్కి రాసిన పెన్సిల్ గాట్లు.

ఒక గీత, 1978 మార్చి.
బెత్తెడు పైన ఇంకోటి, 1985.
1996 జనవరి, మంచు కరిగాక.
2004, పక్కన రెండు ఆశ్చర్యార్థకాలు.
2011, గట్టర్ మార్చాను.
ఆ పైన ఏమీ లేదు.

బీట అక్కడే ఆగిందా,
పెన్సిలు పట్టిన చెయ్యి ఆగిందా?

ఆయన పేరు ఎమిల్ హ్రబోవ్‌స్కీ అని
పన్ను రసీదులో చూశాను.
ఒహాయోలో ఉన్న మేనకోడలు అమ్ముతోంది,
ఈ గోడని ఆమె ఎప్పుడూ చూసి ఉండదు.
ముప్పై మూడేళ్ళు
పిల్లాడి జ్వరం రాసుకున్నట్టు రాసుకున్నాడు మనిషి.
దాని మీద ఎవరో రోలర్ తిప్పేశారు,
ఒక్క మధ్యాహ్నంలో.

లొరెట్టా నాణెం అంచు బీటలో పెట్టి చూసింది.
దూరింది. వదులుగా.
ఏమీ అనలేదు. కాగితం మీద ఇంజనీరు ఫోన్ నంబరు రాసింది.

బయట వాన జోరందుకుంది.
డౌన్‌స్పౌట్ నేలకి జానెడు ఎత్తున తెగిపోయి
కప్పు మీది నీళ్ళన్నీ
పునాది పాదాల మీదే కక్కుతోంది.
పెరడంతా ఇంటివైపే వాలు.
ఆ మూల హైడ్రాంజియా ఒక్కటే ఏపుగా,
ఇంకొకరి నష్టం తాగి బలిసినట్టు.
షెడ్డు పక్కన పడున్న గొట్టం ముక్క తెచ్చి
తడుస్తూనే దానికి తొడిగాను.
నీళ్ళు గొణుక్కుంటూ వీధివైపు మళ్ళాయి.

మళ్ళీ కిందికి పరుగెత్తి చూశాను.
గోడ చెమట ఆరలేదు.
పది నిమిషాల్లో ఎవరు మారతారు?

"పంపు, చుట్టూ కాలవ, మట్టి ఎత్తు, పద్దెనిమిది వేలు"
అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది లొరెట్టా.
ధర తగ్గిస్తే సరే. లేకపోతే లేదు.
భాస్వతి ఫోన్ చేసింది, "నచ్చిందా అక్కా?"
నచ్చడం గురించి కాదే, అన్నాను.

వెళ్ళబోతూ లొరెట్టా చెవి వెనక పెన్సిలు అడిగి తీసుకున్నాను.
కొత్త పెయింటు మీద, బీట కొసన
ఒక గీత. ఈరోజు తేదీ.
కొనేది నేను కాకపోయినా
లెక్క మధ్యలో తెగకూడదు.

కారెక్కాక గుర్తొచ్చింది,
గోలీ లోపలే ఉండిపోయింది,
ఫైర్‌ప్లేస్ గోడ మొదట్లో.