మూడు గజాల జాగ

నల్లగొండ దిక్కు నుంచి మేము,
పాలమూరు దిక్కు నుంచి వాళ్లు,
సున్నం గీత పట్టుకొని
సైకిల్ బాట పరుచుకుంట వచ్చినం.

డిండి వాగు కాడ
రెండు నక్షలూ ఆగిపోయినయి.
నడుమ మూడు గజాల జాగ
ఎవ్వరి ఎస్టిమేట్‌లా లేదు.
ఇంజనీర్లు ఫోన్లు పట్టుకొని
సిగ్నల్ కోసం గుట్టెక్కిండ్రు.

బువ్వ తిని, చెయ్యి కడిగిన నీళ్లే
మొరం మీద చల్లి
ఈదమ్మ దిమ్మిస కొట్టింది.
"మీ కాయితం దిగొచ్చేదాక
నా తట్ట ఊకుంటదా?"

పొద్దు గూకే యాళ్ల
చేపల బుట్ట కట్టుకొని
కుర్మయ్య సైకిల్ వచ్చింది.
ఆ మూడు గజాల మీద
చక్రం చప్పుడు మారలే.
ఒక్క తడి గీత మాత్రం,
చేపనీళ్లది,
ఆ జిల్లా నుంచి ఈ జిల్లాకు.

టేపు చుట్టుకున్న.
కొలతల బుక్కుల ఆ పేజీ
ఇంకా ఖాళీనే.